అక్క ఫైసలా నకలు

మా క్రైస్తవ సంఘంలో పెండ్లి ప్రకటన మూడు ఆదివారాలు గుడిలో చదివేవారు. ఫలానా ఆయనకూ ఫలానా ఆమెకూ వివాహం జరగబోతున్నది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి అని అయ్యగారు చదివి, కళ్లద్దాల మీదుగా అందరినీ ఒకసారి చూసి, కాగితం మడిచేవారు. చిన్నతనం నుంచి నేను ఎన్ని ప్రకటనలు విన్నానో లెక్క లేదు. ఒక్కసారి కూడా ఎవరూ లేవలేదు. ఆ మాట ఊరికే అడుగుతారనీ, దానికి ఎవరూ జవాబు చెప్పకూడదనీ అనుకునేదాన్ని. అందుకే మా అక్క పెండ్లి రెండో ప్రకటన నాడు వెనక చాప మీది నుంచి ఒక ముసలాయన లేచి నిలబడితే, పాపం కాలు తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను.

"అయ్యగారూ, గా పిల్లకు ఎన్కటనే పెండ్లైంది. నేను పోయిన గా పెండ్లికి" అని చెప్పి ఆయన మళ్లీ కూర్చున్నాడు.

ఆయనకు మా మీద పగ ఏమీ లేదు. మా బాపు, అంటే నాన్న, పుట్టిన ఊరే ఆయనదీ. ఇద్దరూ ఒకేసారి ఊరు విడిచి బెల్లంపల్లికి వచ్చి బొగ్గు బాయిలో దిగారు, తరవాత ఒకే వాగులో బాప్తిస్మం తీసుకున్నారు. అయ్యగారు అడిగారు, తనకు తెలిసింది చెప్పాడు. అంతే.

ఆ పెండ్లి సంగతి మాకు తెలియనిదేం కాదు. అక్క చంటిపిల్లగా ఉన్నప్పుడే ఊళ్లో ఎవరికో ఇచ్చి చేశారు. ఆమె ఎదిగేసరికి ఆ మనిషి ఇంకొకరిని తెచ్చుకున్నాడు, అయినా పిల్లను పంపమని వచ్చి కూర్చున్నాడు. బాపు పంపలేదు. కుల పంచాయతీలో పెండ్లి తెంపించి, అది మళ్లీ అతుక్కోకుండా ఆసిఫాబాద్ మున్సిఫ్ కోర్టులో కేసు వేశాడు. రజాకార్ల గోల అయిపోయిన కొత్తల్లో. ఆ సంగతి ముసలాయన విన్నాడు గాని, కళ్లతో చూసింది పెండ్లి ఒక్కటే. "ఫైసలా అయింది" అని, అంటే కోర్టు తీర్పు వచ్చిందని, మా ఇంట్లో నేను చాలాసార్లు విన్నాను. దాని కాగితం మాత్రం ఎప్పుడూ చూడలేదు. కోర్టులో చెప్పింది చెవులారా విని ఇంటికి రావడమే బాపుకు చాలనిపించి ఉంటుంది. ఆ బాపు దగ్గుతూ దగ్గుతూనే అంతకు ముందటి ఏడాది కన్నుమూశాడు.

అయ్యగారు గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవారు. "తప్పేమీ లేదమ్మా. కోర్టు కాగితం తీసుకురండి, మూడో ప్రకటన చదువుతాను" అన్నారు.

అప్పటికి శ్రమదినాలు మొదలవడానికి నెల పైన ఉంది. ఈస్టరుకు ముందటి ఆ నలభై రోజుల్లో మా సంఘంలో పెండ్లిళ్లు చేయరు. పెండ్లికొడుకు కంపెనీ దవాఖానాలో కంపౌండరు. భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. ఆయన ఎన్నాళ్లైనా ఆగుతానన్నాడు గాని, వాళ్లమ్మ ఆగేటట్టు లేదు. ఆ లోపల కాకపోతే తన అన్న బిడ్డను తెస్తానని అందరికీ చెప్పింది. అక్కకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. సంఘం ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఈ సంబంధం గురించి పైకి ఏమీ అనేది కాదు. కాని కంపౌండరు గారి చిన్నపిల్లకు పూల గౌను కుట్టి, భుజాల కొలత సరిపోయిందో లేదో చూసి రమ్మని వారం రోజులు నన్ను సతాయించింది.

ఆ సాయంత్రం సంఘ పెద్దలు మా గుడి వరండాలో కూర్చొని చాలాసేపు వాదించుకున్నారు. బాప్తిస్మం నీళ్లలో పాత మనిషి చచ్చిపోయినట్టే గద, చచ్చిన మనిషి పెండ్లికి కాగితం దేనికి అని ఒక పెద్ద అన్నాడు. అట్లయితే బాప్తిస్మానికి ముందు పుట్టిన నా పిల్లలు నాకేం కారా అని ఇంకో పెద్ద అడిగాడు. నేను అప్పుడే వాక్య శిక్షణ పాఠశాలలో రెండేళ్లు చదివి వచ్చి, సంఘం బడిలో చిన్నపిల్లలకు చెబుతున్నాను. నన్నేమైనా అడుగుతారేమోనని భయపడ్డాను. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

కోర్టుకు ఎవరు పోవాలన్నప్పుడు అవ్వ, మా అమ్మ, నా వైపు చూసి, "సదువుకున్నదానివి నువ్వే గద బిడ్డా" అంది.

ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగితే ఆసిఫాబాద్ అక్కడ ఉండదు. ఇంకో బస్సెక్కాలి. ఆ సంగతి తెలియక స్టేషన్ బయట కోర్టు ఏదని అడిగితే, టీ కొట్టాయన నవ్వి అడవి వైపు చెయ్యి చూపించాడు. కోర్టుకు చేరేసరికి ఎండెక్కింది. పాత ఉర్దూ బోర్డు మీద ఇంగ్లీషు బోర్డు కొట్టారు గాని, అది పొట్టిదై, పైన కింద ఉర్దూ అక్షరాలు బయటికి కనిపిస్తున్నాయి. వరండాలో చిన్న బల్ల వేసుకొని అర్జీలు రాసే ఆయన ఒకరు కూర్చొని ఉన్నాడు. నకలు కావాలంటే కేసు నంబరు రాయాలన్నాడు. నంబరు లేదన్నాను. అయితే వెతకడానికి వేరే దరఖాస్తు, దానికి వేరే స్టాంపు అన్నాడు. బాపు పేరు, అక్క పేరు, అవతలివాడి ఊరు చెప్పాను. అవతలివాడి పేరు నాకు తెలియదు. అడిగినా అవ్వ చెప్పలేదు, చేతితో తుడిచేసినట్టు చూపించింది.

రికార్డు రూం గుమాస్తా పెద్ద వయసు సాయిబు. ఆయన వెనక గదిలో గోడ పొడవునా ఎర్ర గుడ్డల్లో కట్టిన కాగితాల బస్తాలు. "ఏ సన్ కేసు బేటీ?" అని అడిగాడు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడో, ఆ పై ఏడో అన్నాను.

"నిజాం ఫస్లీల చెప్పు, లేకుంటే ఇంగ్లీషుల చెప్పు. గిట్ల పోలీసోళ్ల లెక్కల చెప్తే నేనేడ ఎతకాలె" అన్నాడు. అన్నాడు గాని లేచాడు. ఉర్దూ రిజిస్టర్లు రెండు మూడు తీసి, వేలితో గీస్తూ కింది దాకా చదివాడు. నేను కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తున్నాను. ఆయన నేను నిద్రపోయాననుకొని బల్ల మీద తట్టాడు. ఆ పేరుతో కేసు లేదు. పాత జిల్లా కచ్చేరీ ఇక్కడి నుంచి ఆదిలాబాద్ పోయిన తరవాత కూడా కొన్ని బస్తాలు అక్కడికి పోయాయి, అక్కడ అడుగు అన్నాడు.

ఆ తరవాతి వారం ఆదిలాబాద్ వెళ్లాను. రెండు బస్సులు మారి, పొద్దంతా కూర్చొని, రాత్రి అక్కడి సంఘ బోధకుడి ఇంట్లో పడుకున్నాను. మర్నాడు కోర్టులో ఒకాయన నా దరఖాస్తు చదివి, మున్సిఫ్ కోర్టు కాగితాలు ఇక్కడికి రావు, ఆసిఫాబాద్‌లోనే ఉంటాయి అన్నాడు. ఇంకొకాయన వస్తాయి గాని అన్నీ రావు అన్నాడు. ఇద్దరూ కలిసి వెతికించి, దరఖాస్తు వెనక ఇంగ్లీషులో ఒక ముక్క రాసి ఇచ్చారు. కోర్టులో ఎవరికి పెండ్లి తెగిందో ఆ మనిషిని తీసుకురమ్మని నోటితో చెప్పారు. బయటికి వచ్చి ఆ ఇంగ్లీషు ముక్క ఒక వకీలు గారి చేత చదివించుకున్నాను. అట్లాంటి కేసు ఏదీ కనబడలేదని ఉంది.

తిరుగు బస్సులో నాకు ప్రార్థన రాలేదు. అంతవరకు నా బతుకులో అట్లా ఎప్పుడూ కాలేదు. రెండు ఊళ్ల రిజిస్టర్లలో లేని కేసు ఎక్కడ జరిగినట్టు? బాపు సంఘంలో పెద్ద. ఆదివారం కానుకల పళ్లెం పట్టుకొని నడిచేవాడు. అబద్ధం ఆడడని మా కంపెనీ క్వార్టర్ల లైన్లో అందరికీ తెలుసు. కాని బిడ్డను కాపాడుకోవడానికి ఆడి ఉంటే? ఫైసలా అయిందని ఊరికే చెప్పి ఉంటే? అట్లయితే అక్క ఇంకా ఆ మనిషి భార్యే. ఈ పెండ్లి చేస్తే పాపం, చేయకపోతే అక్క ఆ హాస్టల్ పొయ్యి దగ్గరే ముసలిదవుతుంది. ఏది కోరుకొని ప్రార్థించాలో నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చి, అక్క హాస్టల్లో ఉన్న వేళ చూసి, బాపు నిజంగానే కోర్టుకు పోయాడా అని అవ్వను అడిగాను.

"పోయిండు. నేనే సద్ది కట్టిచ్చిన" అంది అవ్వ.

"మరి ఎందుకు దొరకలే?"

"నాకేం ఎరుక బిడ్డా. నువ్వు మంచిగ అడిగినవో లేదో."

అయ్యగారు ఇంగ్లీషు ముక్క చదివి కాగితం నా చేతికిచ్చారు. మూడో ప్రకటన ఆ ఆదివారమూ చదవలేదు. కంపౌండరు గారి అమ్మ వాళ్ల అన్న ఊరికి బయలుదేరిందని ఎవరో చెప్పారు.

మరుసటి సోమవారం అక్క సెలవు పెట్టి నాతో ఆసిఫాబాద్ వచ్చింది. రైల్లో కిటికీ పక్కన కూర్చొని, ఈ దారిన ఆమె చిన్నప్పుడు బాపుతో నడిచి వచ్చిందని చెప్పింది. కోర్టుకా అంటే అవునంది. బాపు చెయ్యి పట్టుకొని లోపలికి పోయిందట, పెద్ద కుర్చీలో ఒకాయన ఏదో అడిగాడట. అంతకు మించి గుర్తు లేదంది. నా గుండె మీద నుంచి సగం బరువు దిగింది. కాని మిగతా సగం ఇంకా గట్టిగా కూర్చుంది. కేసు జరిగింది నిజమైతే రిజిస్టర్లలో ఎందుకు లేదు?

మేం కోర్టు వరండా మెట్లు ఎక్కుతున్నాం. మెట్ల పక్కన రేగుపండ్ల గంప ముందు పెట్టుకొని ఒక ముసలవ్వ కూర్చొని ఉంది. ఆమె ఎవరినో పేరు పెట్టి పిలిచింది. అక్క టక్కున వెనక్కి తిరిగింది.

ఆ పేరు నేను ఎప్పుడూ వినలేదు. అది ఇక్కడ రాయను. రాయొద్దని అక్క అంది, నాకూ రాయబుద్ధి కావడం లేదు. పల్లెల్లో ఆడపిల్లలకు పెట్టే మామూలు పేరే, గ్రామ దేవతది. అక్క తిరిగిన తరవాత, తాను తిరిగినందుకు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నువ్వే గద. మీ నాయిన తీర్గనే ఉన్నవ్" అంది ముసలవ్వ. ఆమె మా పాత ఊరి మనిషట. "మొగడు మంచిగ చూసుకుంటుండా?"

"ఇంకా చేసుకోలే పెద్దవ్వా" అంది అక్క.

"ఎన్కట చేసుకుంటివి గదనే. ఆఁ, తెగె గద అది. తెగిన పెండ్లికి ఊరంత శక్కర పంచినోడు మీ నాయిన ఒక్కడే. మేమైతే పిచ్చి లేసిందనుకున్నం."

నేను సంచిలోంచి ఆదిలాబాద్ దరఖాస్తు తీసి, అందులో రాసిన పేర్లు చూశాను. మా సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. బాప్తిస్మం నాడు వాగు ఒడ్డున అయ్యగారు కొత్త పేరు పెడతారు. ఆ తరవాత పాత పేరు ఎవరూ పలకకూడదు. ఇంట్లో గాని, బాయిలో గాని, కోపంలో గాని. నోరు జారినవాళ్లు ప్రార్థన కూటంలో మోకరించి ఒప్పుకునేవారు. మేం బాప్తిస్మం తీసుకున్నప్పుడు నేను ఇంకా పలక పట్టలేదు. నాకు అక్క ఎప్పుడూ అక్కే, అవ్వకు ఆమె ఎప్పుడూ బిడ్డే. మేం మొదటి నుంచీ విశ్వాసులమన్నట్టే నాకు లోకం తెలుసు. కేసు ముందు జరిగింది, బాప్తిస్మం తరవాత జరిగింది అన్న చిన్న లెక్క నా తలలోకి రాలేదు. వాగులో దిగక ముందటి మనిషిని నేను వాగులో పెట్టిన పేరుతో రెండు ఊళ్ల కోర్టుల్లో వెతికించాను. అవ్వకు చదువు రాదు, దరఖాస్తులో నేనేం రాశానో ఆమెకు తెలియదు. నాకు చదువు వచ్చు, ఏం రాయాలో తెలియదు.

అప్పుడే ఇంకొకటి గుర్తుకొచ్చింది. నా చిన్నప్పుడు మా గడప ముందు బాపు తరఫు చుట్టమెవరో నిలబడి, ఎవరినో పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. లోపల బాపు అన్నం తింటూ పలకలేదు. నేను బయటికి పోయి, ఆ పేరోళ్లు ఈడ లేరు, పక్క లైన్ల అడుగు అని చెప్పి వచ్చాను. బాపు నవ్వి తన పళ్లెంలోంచి ఒక ముద్ద నా నోట్లో పెట్టాడు.

అర్జీ రాసే ఆయన కొత్త దరఖాస్తు రాశాడు. బాపు పాత పేరు అక్కే చెప్పింది, చాలా మెల్లగా. ఆయన రెండుసార్లు ఏమిటని అడిగాడు. సంతకం పెట్టే చోట అక్క పేరు రాయాలి. అక్క సంఘం రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. కొత్త పేరు రాయడం వచ్చు. పాత పేరు ఆమె బతుకులో ఎప్పుడూ రాయలేదు. నేను మట్టిలో పుల్లతో రాసి చూపించాను. అక్క దాన్ని చాలాసేపు చూసింది.

"చెల్లే, గీ పేరు రాస్తే తప్పు గాదా? అయ్యగారి ముందట ఒద్దనుకున్న పేరు గద" అంది.

నాకు వాక్యం తెలుసు. బైబిల్లో ఒక అపొస్తలుడు గొలుసులతో నిలబడి అధికారుల ముందు తన పాత బతుకంతా చెప్పుకున్నాడని నేనే పిల్లలకు పాఠం చెప్పాను. అది చెబుదామనుకున్నాను. కాని ఆయన చెప్పింది సాక్ష్యం కోసం, మేం వచ్చింది పెండ్లి కోసం. రెండూ ఒకటేనా కాదా తేలలేదు.

"తెల్వదక్కా" అన్నాను.

అక్క మట్టిలో అక్షరాలను కాలితో చెరిపింది. అర్జీ రాసే ఆయన వైపు తిరిగి, "పేరు మీరే రాయుండ్రి. నేను ఏలిముద్ర ఏస్త. ఏలు మారలే గద" అంది.

ఆ రోజు సాయిబు మొదటి రిజిస్టర్‌లోనే కేసు పట్టుకున్నాడు. పోయినసారి ఆయన వేలు ఆ వరస మీది నుంచే జారి పోయి ఉంటుంది. నకలు రాసి, సరిచూసి, ముద్ర కొట్టి ఇవ్వడానికి వారం పైన పట్టింది. మేమిద్దరం మళ్లీ వచ్చాం. అంతా ఉర్దూ. సాయిబే కిటికీ దగ్గర నిలబడి మాకు తెలుగులో చెప్పాడు. ముద్దయి, అంటే కేసు వేసిన మా బాపు, ఇట్లా అన్నాడు. అవతలివాడు పంచాయతీ తెంపిన మాట ఒప్పుకున్నాడు. పెండ్లి తెగినట్టు కోర్టు ఖాయం చేసింది.

"మధ్యల పిల్లను గూడ అడిగిండ్రు" అన్నాడు. "మొగనితోని పోతవా అని అడిగితిమి, నాకు తెల్వదు అన్నది అని రాసి ఉన్నది."

అక్క నవ్వింది. ముందు చిన్నగా, తరవాత కొంగు నోట్లో కుక్కుకొని. సాయిబు కళ్లద్దాలు తీసి చూశాడు.

"గాయన ఉర్దూల అడిగిండు. నాకేం సమజ్ కాలే. అందుకే తెల్వదన్న" అంది అక్క.

తిరిగి వచ్చే బండిలో ఆమె మళ్లీ మళ్లీ నవ్వింది. మధ్యలో ఎప్పుడో ఆగిపోయింది. ఏమిటక్కా అంటే, "సమజ్ అయితే ఏమందునో" అంది.

నకలు చూసి అయ్యగారు మళ్లీ చిక్కులో పడ్డారు. ఆయనకు ఉర్దూ రాదు. నిజాం కాలంలో చదువుకున్న ఒక బాయి గుమాస్తా ఆదివారం గుడిలోనే చదివి వినిపించాడు. పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగి, పలకవచ్చా అని అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు కాగితంలో ఏముందో అది చదవమన్నారు. చదివాడు. అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"కాగితం బాగానే ఉంది. కాని ఇందులో ఉన్న అమ్మాయి మన అమ్మాయే అని నాకెట్లా తెలుస్తుంది? ఎవరు చెబుతారు?" అన్నారు అయ్యగారు.

ఇంటి మనుషుల మాట చెల్లదన్నారు. మా పాత ఊరు నుంచి వచ్చినవాడు సంఘంలో ఒక్కడే ఉన్నాడు. అందరూ వెనక చాప వైపు తిరిగారు. అభ్యంతరం చెప్పిన ముసలాయన తల వంచుకొని ఉన్నాడు. పాత పేరు పలికితే మోకరించాలా అని అడిగాడు. అవసరం లేదన్నారు అయ్యగారు. ఆయన గోడ పట్టుకొని లేచాడు.

"గామె గీమె ఒక్కతే" అన్నాడు. అక్క పాత పేరూ, మా బాపు పాత పేరూ గట్టిగా చెప్పాడు. "నేను గా పెండ్లిల తిన్న. కూర తక్కువైందని లొల్లి గూడ పెట్టిన. నాకు యాదికున్నది."

అయ్యగారు ఆ నిమిషమే మూడో ప్రకటన చదివారు. కంపౌండరు గారి అమ్మ అన్న ఇంటి నుంచి ఊరికే తిరిగి వచ్చింది. వాళ్ల పిల్లకు వేరే చోట ఖాయమైందట.

శ్రమదినాలకు ముందటి వారంలో పెండ్లి జరిగింది. పూల గౌను చిన్నపిల్లకు భుజాల దగ్గర వదులైంది, అయినా అదే వేసుకొని ముందు వరసలో కూర్చుంది. నేను పాటల వాళ్లతో పక్కన నిలబడ్డాను. ముందటి రాత్రంతా నాకు ఇవే ఆలోచనలు. నీళ్లలో చచ్చిన మనిషికి కోర్టు విడుదల ఇచ్చిందా, బతికున్న మనిషికి ఇచ్చిందా? అక్క ఇప్పుడు మొదటిసారి పెండ్లి చేసుకుంటున్నట్టా, రెండోసారా? దేవుడు బాపును అక్కడ ఏ పేరున పిలుస్తున్నాడు? వరండాలో వాదించుకున్న పెద్దలిద్దరూ ఆ రోజు పక్కపక్కనే కూర్చున్నారు. ఎవరు గెలిచారో వాళ్లకూ తెలిసినట్టు లేదు.

అయ్యగారు పెండ్లికొడుకును అడిగారు, ఆయన నెమ్మదిగా జవాబు చెప్పాడు. తరవాత అక్క వైపు తిరిగి, "ఈ మనుష్యుని నీ భర్తగా" అని మొదలుపెట్టారు.

"ఒప్పుకుంటున్న" అంది అక్క.

గుడిలో అందరూ నవ్వారు. కంపౌండరు గారి అమ్మ కూడా. ప్రశ్న పూర్తయ్యాక చెప్పాలమ్మా అన్నారు అయ్యగారు, నవ్వు ఆపుకుంటూ. మళ్లీ మొదటి నుంచి, ఒక్కో మాటా విడదీసి, మెల్లగా అడిగారు. అక్క ఆయన ముఖం వైపే చూస్తూ చివరి మాట దాకా విన్నది. విన్నాక మళ్లీ అదే మాట, వెనక చాపల దాకా వినిపించేటట్టు చెప్పింది.